నీతి, స్వాతంత్ర్యము, సంస్కృతి: డప్పు ఆధారముగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

ప్రతి ఆషాఢ మాసములోను సికింద్రాబాదులో లష్కర్ బోనాలు జరుగుతాయి. 1813లో కలరా వ్యాపించినప్పుడు ఉజ్జయినిలో ఉన్న సైనిక ఉద్యోగి సురిటి అప్పయ్య మ్రొక్కుకొని, తిరిగి వచ్చిన తరువాత 1815లో ఇక్కడ మహంకాళిని ప్రతిష్ఠించినట్లు చెబుతారు. 2014 నుండి అది రాష్ట్ర పండుగ కూడ. ఆ దినాలలో దేవాలయపు వీధులే కాదు, చుట్టుపక్కల బస్తీలన్నీ డప్పుల మోతతో నిండిపోతాయి. మన సంఘములు అనేకము ఆ బస్తీలలోనే ఉన్నాయి.

అక్కడ పరిచర్య చేసే కాపరులకు, ఆదివారపు పరిచర్యకు వెళ్ళే విద్యార్థులకు మూడు ప్రశ్నలు ఎదురవుతాయి. మొదటిది: డప్పు వాయించి కూలి సంపాదించుకొనే విశ్వాసి వచ్చి, "అయ్యగారూ, ఊరేగింపుకు పిలిచారు, వెళ్ళవచ్చునా?" అని అడుగుతాడు. రెండవది: పొరుగింటివారు పండుగ భోజనము పంపితే తినవచ్చునా అని ఒక తల్లి అడుగుతుంది. మూడవది కొన్ని నెలల తరువాత వస్తుంది. క్రిస్మస్ సమీపించినప్పుడు యౌవనస్థులు ఆరాధనలో డప్పు వాయిస్తామంటారు. సంఘ పెద్ద ఒకరు లేచి, "మా తాత దెబ్బలు తిని వదిలినదానిని మీరు మందిరములోకి తెస్తారా?" అంటారు.

ఈ మూడింటికి ఒక్క మాటలో "తప్పు" అనో "తప్పు లేదు" అనో జవాబు చెప్పి పంపివేయవచ్చును. కాని అలా చెప్పిన జవాబు వారి హృదయములో నిలువదు. ఈ ప్రశ్నల వెనుక నీతి అనగా ఏమి, మానవ స్వాతంత్ర్యము అనగా ఏమి, సంస్కృతి అనగా ఏమి అనే మూడు మూల భావనలు ఉన్నాయి. వాటిని మొదట క్లుప్తముగా వివరించి, తరువాత మన తెలుగు సంఘ చరిత్రలోని ఒక ఉదాహరణ ద్వారా పరీక్షించి, చివరకు ఈ మూడు ప్రశ్నల యొద్దకు తిరిగి వద్దాము.

1. నీతి: కొన్ని ప్రాథమిక భావనలు

"నీతి" అనే మాటకు మూలము నడిపించుట అనే అర్థముగల సంస్కృత ధాతువు. మనిషిని సరియైన దారిలో నడిపించేది నీతి. సుమతీ శతకము, వేమన పద్యములు నేర్చుకొన్న తెలుగువారికి ఈ అర్థము కొత్త కాదు. అయితే తెలుగు బైబిలు చదివే మనకు ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. మన బైబిలులో "నీతి" అనే మాట దేవుని యెదుట మనిషికి కలిగే స్థితిని కూడ తెలియజేస్తుంది. అబ్రాహామునకు అతని విశ్వాసము నీతిగా ఎంచబడినదని పౌలు చెప్పినప్పుడు (రోమా 4) అది ప్రవర్తనకు దొరికిన బహుమానము కాదు. ప్రసంగములో ఈ రెండు అర్థములను కలిపివేస్తే, "మంచి నడవడి గలవాడే రక్షింపబడును" అనే భావన వినేవారిలో మిగిలిపోతుంది. ఈ వ్యాసములో నీతి అనే మాటను నడవడికి సంబంధించిన అర్థములోనే వాడుచున్నాము.

ఆచారము, చట్టము, నీతి అనే మూడు మాటలను కూడ వేరు చేసి చూడాలి. ఆచారము "మనవాళ్ళు ఇలా చేస్తారు" అంటుంది. చట్టము "ఇలా చేయకపోతే శిక్ష" అంటుంది. నీతి "ఇలా చేయవలెనా?" అని అడుగుతుంది. ఆచారములో ఉన్నదంతా నీతి కాదు. చట్టము ఒప్పుకొన్నదంతా నీతి కాదు. అంటరానితనము ఎన్నో తరములు ఆచారముగా నిలిచినది. అది తప్పు అని చెప్పగలిగినది ఆచారమును ప్రశ్నించగల నీతియే.

ఒక పని నీతియుక్తమా కాదా అని నిర్ణయించడానికి తత్త్వవేత్తలు ముఖ్యముగా మూడు మార్గములు చూపారు. ఇమ్మానుయేలు కాంట్ (1724-1804) కర్తవ్యమును ఆధారము చేసుకొన్నాడు. జెరెమీ బెంథామ్, జాన్ స్టువర్ట్ మిల్ ఫలితమును చూడమన్నారు. వారికంటే ఎంతో ముందు అరిస్టాటిల్, ఆ పని ఎటువంటి మనిషిని తయారు చేస్తుందో చూడమన్నాడు. డప్పు వాయించే విశ్వాసిని గూర్చి మొదటి మార్గము "అతడు ఏ ఆజ్ఞకు బద్ధుడు?" అని అడుగుతుంది. రెండవది "అతని ఇంటిలో పొయ్యి వెలుగుతుందా?" అని అడుగుతుంది. మూడవది "ఈ పని అతనిని ఏమి చేస్తున్నది?" అని అడుగుతుంది. కాపరికి ఈ మూడు ప్రశ్నలూ అవసరమే. ఒక్కదానినే పట్టుకొన్నవాడు కఠినుడైనా అవుతాడు, లేదా దేనికైనా సరే అనేవాడైనా అవుతాడు.

ఈ మూడు మార్గములు ఒక విషయమును ముందుగానే ఒప్పుకొని సాగుతాయి: ఆ పని చేసినవాడు చేయకుండ ఉండగలిగే స్థితిలో ఉన్నాడని. చేయి పట్టి బలవంతముగా వ్రేలిముద్ర వేయించినప్పుడు ఆ వ్రేలిముద్రకు బాధ్యుడు ఎవరు? బాధ్యత అనే మాటకు అర్థము ఉండాలంటే స్వాతంత్ర్యము ఉండాలి. కనుక నీతిని గూర్చిన చర్చ మనలను స్వాతంత్ర్యము యొద్దకు తీసుకొని వస్తుంది.

2. మానవ స్వాతంత్ర్యము

తెలుగులో మనకు రెండు మాటలు ఉన్నాయి. స్వేచ్ఛ అనగా తన ఇచ్ఛ, తన కోరిక. స్వాతంత్ర్యము అనగా తన నడకను తానే నడుపుకొనుట, పరుల ఏలుబడిలో ఉండకపోవుట. వాడుకలో ఈ రెండింటిని ఒకటిగా వాడినా, వాటి భేదము ఉపయోగకరమైనది. కోరినది చేయడము ఒకటి. కోరికకు కూడ దాసుడు కాకుండ ఉండడము వేరొకటి.

వేదాంత విద్యార్థి స్వాతంత్ర్యమును మూడు పొరలుగా చూడవచ్చును. మొదటిది బయటి బలవంతము నుండి స్వాతంత్ర్యము: కట్టు, కొరడా, ఆకలి, బెదిరింపు లేకపోవుట. రెండవది ఎన్నుకొనే శక్తి: రెండు దారులు ఎదుట ఉన్నవని తెలిసి, ఆలోచించి, ఒకటి తీసుకొనుట. దేవుడు తన స్వరూపమందు చేసిన మానవునికి ఆజ్ఞ ఇచ్చాడు (ఆది 1:27, 2:16-17). ఆజ్ఞ ఇచ్చాడంటేనే దానిని మీరగలవానికి ఇచ్చాడని అర్థము. మూడవది పాపపు బంధకము నుండి విడుదల. అగస్టీను పెలేజియసు బోధను ఎదిరించినది, లూథరు 1525లో ఎరాస్మసుకు జవాబు వ్రాసినది ఈ పొరను గూర్చియే. మనిషి తనంతట తాను దేవుని వైపు తిరుగలేడని, కృపయే అతనిని విడిపించవలెనని వారు వాదించారు.

ఈ మూడు పొరలను కలిపివేసినప్పుడు పొరపాట్లు జరుగుతాయి. "క్రీస్తు నిన్ను విడిపించాడు, ఇక నీకేమి కొదువ?" అని వెట్టిచాకిరిలో ఉన్నవానితో అనుట మూడవ పొరను చూపి మొదటిదానిని దాచిపెట్టుట. "కూలి పెరిగినది, హక్కులు వచ్చినవి, ఇక విడుదల పూర్తి అయినది" అనుట మొదటిదానిని చూపి మూడవదానిని మరచిపోవుట. గలతీయులకు వ్రాసిన పత్రికలో పౌలు స్వాతంత్ర్యములో స్థిరముగా నిలువుమని (5:1) చెప్పి, ఆ స్వాతంత్ర్యమును శరీరమునకు అవకాశముగా కాక ప్రేమతో ఒకరికొకరు దాసులగుటకు వాడుకొమ్మని (5:13) అదే అధ్యాయములో చెబుతాడు.

మరొక చిక్కు. ఇబ్బందిలో చేసిన నిర్ణయము స్వతంత్రమైనదేనా? అరిస్టాటిల్ దీనికి ఒక ఉదాహరణ ఇచ్చాడు. తుఫానులో ఓడ మునిగిపోకుండ సరుకులను సముద్రములో పారవేసే నావికుని గూర్చి ఏమనాలి? మామూలుగానైతే ఎవడూ తన సొత్తు పారవేసుకోడు. అయినా ఆ క్షణములో ఆలోచించి, తన చేతులతో తానే పారవేశాడు. అటువంటి పనులు రెండు గుణములు కలిసినవని, అయినా ఇష్టపూర్వకమైనవాటికే దగ్గరగా ఉన్నవని ఆయన అన్నాడు. పేదవారి నిర్ణయములన్నీ దాదాపు తుఫానులోని నిర్ణయములే. ఈ మాటను గుర్తు పెట్టుకొందాము. ఒంగోలు చరిత్రలో మరల అవసరమవుతుంది.

3. సంస్కృతి

1871లో ఇ. బి. టైలర్ సంస్కృతికి ఇచ్చిన నిర్వచనము ప్రసిద్ధమైనది. జ్ఞానము, నమ్మకము, కళ, నీతి, చట్టము, ఆచారము, ఇంకా సమాజములో సభ్యునిగా మనిషి నేర్చుకొనేదంతా కలిసిన సముదాయము సంస్కృతి అని దాని సారాంశము. ఈ లెక్కన సంస్కృతి లేని మనిషి లేడు. కాని మన భాషలోని "సంస్కృతి" అనే మాటలో బాగు చేయబడినది, శుద్ధి చేయబడినది అనే అర్థము దాగి ఉన్నది. అందుచేత శాస్త్రీయ సంగీతము సంస్కృతి అనిపిస్తుంది, డప్పు మోత మోతగానే వినిపిస్తుంది. మాటలోనే ఒక తీర్పు ఉన్నదని గమనించాలి.

రిచర్డ్ నీబర్ 1951లో ప్రచురించిన గ్రంథములో క్రీస్తుకు సంస్కృతికి గల సంబంధమును ఐదు విధములుగా వివరించారు: సంస్కృతికి విరోధిగా, సంస్కృతితో ఏకమైనవానిగా, దానికి పైవానిగా, దానితో ఎడతెగని ఉద్రిక్తతలో, దానిని మార్చువానిగా. ఈ వర్గీకరణ మన తరగతులలో ఎంతో ఉపయోగపడినది. కాని మన నేలపై దీనిని వాడేటప్పుడు ముందుగా వేయవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది: ఎవరి సంస్కృతి?

మన కీర్తనల పుస్తకమునే చూద్దాము. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో అనేక కీర్తనలకు పైన రాగము, తాళము వ్రాసి ఉంటాయి. 19వ శతాబ్దములో బ్రాహ్మణ కుటుంబము నుండి క్రీస్తును అంగీకరించిన పురుషోత్తమ చౌదరి తాను నేర్చిన సంగీత సాహిత్య సంప్రదాయమును సంఘమునకు కానుకగా ఇచ్చారు. అది మనకు గొప్ప ఆశీర్వాదము. ఆ రాగములు దేవాలయములలో కూడ పాడబడినవే. అయినా అవి మందిరములోకి రావడానికి పెద్ద ఆటంకము కలుగలేదు. అదే కాలములో సంఘములోకి వేలాదిగా వచ్చిన మాదిగ విశ్వాసుల డప్పు మాత్రము గుమ్మము బయటనే ఉండిపోయినది. రెండూ అన్యారాధనలో వాడబడినవే. ఒకటి పవిత్రపరచబడినది, ఒకటి విడువబడినది. దీనికి కారణము కేవలము వేదాంతమేనా, లేక కులపు కొలబద్ద కూడ కొంత పని చేసినదా అని మనలను మనము ప్రశ్నించుకోవాలి.

గుర్రం జాషువ (1895-1971) జీవితము దీనికి మరొక వైపు చూపిస్తుంది. వినుకొండలో క్రైస్తవ కుటుంబములో పుట్టిన ఆయన పురాణ కథలను పద్యములుగా వ్రాసినందుకు తోటి క్రైస్తవుల నిరసనకు గురి అయ్యారు. సాహిత్య సభలలో కులము పేరిట అవమానము పొందారు. సంస్కృతి నీది కాదని ఒకరన్నారు, దానిని ముట్టవద్దని మరొకరన్నారు. చివరకు ఆయన క్రీస్తు చరిత్రకే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది.

4. ఒంగోలు: డప్పు వదలిన స్వాతంత్ర్యము

ఇప్పుడు చరిత్రలోకి వద్దాము. అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడ్డారు. 1867 జనవరి 1న అక్కడ 8 మంది సభ్యులతో సంఘము ఏర్పడినది. అప్పటికే తోళ్ళ వ్యాపారము చేసే మాదిగ కులస్థుడైన యెర్రగుంట్ల పేరయ్య, అతని భార్య నాగమ్మ క్రీస్తును అంగీకరించారు. పేరయ్య అంతకు ముందు యోగ మార్గములో గురువులను వెదకినవాడు. సువార్తను తన జనుల మాటలో, వారి గుడిసెల ముందు కూర్చొని చెప్పినది అతడే. కనుక ఈ ఉద్యమము ఒక విదేశీయునితో మాత్రమే మొదలైనది అనుట సరి కాదు.

విశ్వాసులైనవారికి మూడు నియమములు ఉండెను: ఆదివారము పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసము తినకూడదు, విగ్రహములను పూజించకూడదు. ఇవి చిన్న నియమములుగా కనబడవచ్చును. కాని గ్రామ వ్యవస్థ తెలిసినవారికి వాటి బరువు తెలుస్తుంది. చచ్చిన పశువును ఈడ్చివేయుట, దాని తోలుతో రైతులకు చెప్పులు, నీళ్ళు తోడే బొక్కెనలు కుట్టి ఇచ్చుట, జాతరలో డప్పు కొట్టుట మాదిగల కట్టుబడి పనులు. దానికి ప్రతిఫలముగా కళ్ళములో కొంత ధాన్యము, ఆ పశువు మాంసము వారికి దక్కేవి. కనుక ఒక్కొక్క నియమము కూలిపై, తిండిపై, గ్రామ పెద్దల అధికారముపై పడినది. జాతరకు డప్పు కొట్టము అన్నవారికి పని దొరకలేదు, నీళ్ళు దొరకలేదు, దెబ్బలు దొరికినవి.

ఇక్కడ డప్పు అనగా సంగీతము కాదు. అది ఆజ్ఞ. పిలిచినప్పుడు వెళ్ళి కొట్టవలెను. ఎవరి పండుగకు, ఎవరి దేవతకు, ఎవరి శవమునకు అనేది కొట్టేవాని ఇష్టము కాదు. అటువంటి డప్పును క్రింద పెట్టుట ఆ జనుల చరిత్రలో "మేము కాదనగలము" అని చెప్పిన గొప్ప మాట. ఆ పెద్ద తన తాతను గూర్చి చెప్పేటప్పుడు కన్నీళ్ళు పెట్టుకొనుటకు కారణము ఇదే. దానిని పాతకాలపు ఛాందసము అని త్రోసివేయుట యౌవనస్థులకు తగదు.

తరువాత 1876-78 గొప్ప కరవు వచ్చినది. ప్రభుత్వము బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకమును కరవు పనిగా చేపట్టినప్పుడు క్లౌ అందులో ఒక భాగమును కాంట్రాక్టుకు తీసుకొని వేలాదిమందికి పని, కూలి ఇప్పించారు. మన బోధకులు పని చూసే మేస్త్రీలుగా ఉన్నారు; సాయంకాలములలో వారే వాక్యము చెప్పారు. ఇందులో నైతికమైన చిక్కు వెంటనే కనబడుతుంది. కూలి ఇచ్చేవాడే సువార్త చెప్పేవాడైతే వినేవాడు కాదనగలడా? క్లౌ ఈ చిక్కును గ్రహించి సుమారు 15 నెలలు బాప్తిస్మములు ఆపివేశారు. కరవు సహాయము ముగింపుకు వచ్చిన తరువాత, ఇక ఏ లాభమును ఆశించే అవకాశము లేనప్పుడు, జనులు వచ్చి బాప్తిస్మము ఇమ్మని పట్టుబట్టారు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆరుగురు బోధకులు, ఒక్కసారికి ఇద్దరు చొప్పున నీటిలో నిలిచి ఇచ్చారు.

సంఖ్యను గూర్చి మనము ఎంతో చెప్పుకొంటాము. నీతిశాస్త్ర దృష్టిలో 2,222 కంటే ఆ 15 నెలలే ముఖ్యమైనవి. ఎదుటివాడు కాదనగలిగే స్థితికి వచ్చేవరకు అతని "అవును"ను తీసుకోకుండ ఆగుట అతని స్వాతంత్ర్యమునకు ఇచ్చిన గౌరవము. అయితే దీనికి మరొక ప్రక్క కూడ ఉన్నది. ఆ 15 నెలలలో బాప్తిస్మము కోరుతూ మరణించినవారు ఉండి ఉంటారు కదా? పేదవాని కోరికలో ఆకలి కలిసి ఉన్నది గనుక అది కోరికే కాదు అనగలమా? అరిస్టాటిల్ నావికుడు ఇక్కడ మనకు సహాయము చేస్తాడు. తుఫానులో తీసుకొన్న నిర్ణయము కూడ మనిషి నిర్ణయమే.

ఈ ప్రశ్న 1936-37లో మరల లేచినది. 1935 అక్టోబరు 13న యేవలాలో అంబేద్కరు తాను హిందువుగా మరణించనని ప్రకటించిన తరువాత మత మార్పిడిపై చర్చ తీవ్రమైనది. మతముల మంచి చెడ్డలను తూచి ఎన్నుకొనే సిద్ధపాటు దళితులకు లేదన్న భావమును గాంధీజీ ఆ కాలములో వెలిబుచ్చారు. దోర్నకల్ బిషప్ వి. ఎస్. అజరయ్య (1874-1945) దానితో ఏకీభవించలేదు. తన అధ్యక్ష మండలములోని గ్రామ విశ్వాసుల మారిన జీవితములే ఆయనకు సాక్ష్యము. ధనవంతుడు తన పరువు కొరకు తన మతములోనే ఉండిపోతే అతని ఉద్దేశమును ఎవరూ పరీక్షించరు. పేదవాడు కదిలినప్పుడే పరీక్ష. ఈ అసమానతను గుర్తించుట కూడ నీతిలో భాగమే. అదే సమయములో, జె. వాస్కమ్ పికెట్ 1933లో సామూహిక ఉద్యమములపై ప్రచురించిన అధ్యయనములో బాప్తిస్మము తరువాతి బోధ, కాపుదల ఎంత ముఖ్యమో నొక్కి చెప్పారని మనము మరువకూడదు. స్వాతంత్ర్యము ఒక్క దినములో ముగిసే క్రియ కాదు.

5. ఈదుమూడి: డప్పు పట్టిన స్వాతంత్ర్యము

అదే ప్రకాశము జిల్లాలో, నాగులుప్పలపాడు మండలములోని ఈదుమూడి గ్రామములో 1994 జూలై 7న మాదిగ దండోరా ఉద్యమము మొదలైనది. దండోరా అనగా డప్పు కొట్టి ఊరికి తెలియజేయుట. షెడ్యూల్డు కులముల రిజర్వేషన్లలో వర్గీకరణ కోరిన ఆ ఉద్యమము డప్పునే తన గుర్తుగా ఎత్తి పట్టినది. ఆ ఉద్యమపు రాజకీయములను చర్చించుట ఇక్కడ మన పని కాదు. 2024 ఆగస్టు 1న సుప్రీము కోర్టు వర్గీకరణకు అనుమతించినదని మాత్రము గుర్తు చేస్తాము. మన దృష్టికి ముఖ్యమైనది ఇది: తాతలు సిగ్గుతోను భయముతోను కొట్టిన, తరువాత ధైర్యముతో వదలిన డప్పును మనుమలు తలయెత్తి పట్టుకొన్నారు. ఎవరో పిలిస్తే కాక తామే ఊరిని పిలవడానికి కొట్టారు. దళిత వేదాంతములో కూడ ఈ మార్పు కనబడుతుంది. తమిళనాడు పరయర్ల డప్పును వేదాంత చిహ్నముగా పరిశీలిస్తూ సత్యనాథన్ క్లార్క్ 1998లో ఒక గ్రంథము ప్రచురించారు.

తాత వదలుట స్వాతంత్ర్యము అయితే మనుమడు పట్టుట దాసత్వమా? లేక మనుమడిది స్వాతంత్ర్యము అయితే తాతది పొరపాటా? మేము రెండూ కాదంటాము. వేప చట్రమునకు మేకతోలు బిగించి, మంటపై కాచి, సిర్రతో, సిటికెన పుల్లతో వాయించే ఆ వాద్యము మారలేదు. మారినది ఆ వాద్యమునకు, దానిని పట్టిన చేతికి మధ్యనున్న సంబంధము. ఇద్దరి పనిలోను ఒకే నీతి ఉన్నది: కాదనగలిగినప్పుడే అవునుకు విలువ.

లేఖనములో దీనికి స్పష్టమైన సాదృశ్యము ఉన్నది. పౌలు తిమోతికి సున్నతి చేయించాడు (అపొ. కా. 16:3). అదే పౌలు తీతుకు సున్నతి చేయించుటకు ఒప్పుకొనలేదు (గలతీ 2:3-5). చేసినది ఒకే ఆచారము. చేసినవాడు ఒకే అపొస్తలుడు. ఒకచోట అది యూదుల మధ్య పరిచర్య కొరకు ప్రేమతో ఇచ్చినది; మరొకచోట రక్షణకు షరతుగా బలవంతము చేయబడినది. బలవంతము వచ్చినచోట పౌలు ఒక్క గడియ కూడ లొంగలేదు.

ఇక్కడ ఒక హద్దు కూడ చెప్పాలి. బలవంతము తీసివేస్తే సంస్కృతిలో ఉన్నదంతా మంచిదైపోతుంది అనుకోకూడదు. జోగిని ఆచారమునే తీసుకొందాము. చిన్న ఆడపిల్లను దేవతకు అర్పించి ఊరి పాలు చేయుట ఆమె స్వాతంత్ర్యమును హరించుట మీదనే నిలిచియున్నది. దానిని శుద్ధి చేసి వాడుకొనే మార్గము లేదు; 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దానిని నిషేధిస్తూ చట్టము చేసినది. డప్పులోని కీడు దానిపై మోపబడిన బలవంతములో ఉన్నది, అది తీసివేయబడగలదు. జోగినిలోని కీడు ఆ ఆచారపు స్వభావములోనే ఉన్నది. ఈ రెండింటిని వేరుగా చూడగలుగుటే వివేచన.

6. మూడు ప్రశ్నలకు తిరిగి

మొదటి ప్రశ్న కూలికి డప్పు వాయించే విశ్వాసిది. విగ్రహారాధనలో పాలు పొందుటకు పౌలు హద్దు గీశాడు (1 కొరింథీ 10:14-22). దేవత ముందు ఊరేగింపులో వాయించుట ఆ హద్దుకు చాల దగ్గరగా ఉన్నది; అనేకుల మనస్సాక్షికి దాటినదిగానే తోస్తుంది. కనుక అతడు దానినుండి బయటికి రావాలని కోరుట సరియే. కాని నయమానును జ్ఞాపకము చేసుకొందాము. రిమ్మోను గుడిలో తన రాజు తన చేతిపై ఆనుకొని మ్రొక్కేటప్పుడు తానూ వంగవలసి వస్తుందని అతడు బాధతో చెప్పగా, ఎలీషా సమాధానముతో పొమ్మన్నాడు (2 రాజులు 5:18-19). కొత్త విశ్వాసిని మొదటి దినముననే వెలివేయలేదు. "నీవు కాదంటే నీ ఇంటిలో ఏమవుతుంది?" అని అడగని కాపరికి "వెళ్ళవద్దు" అనే అధికారము లేదు. క్లౌ బాప్తిస్మమునకు ముందు పని చూపించారు. నిషేధించే సంఘము జీవనోపాధిని గూర్చి కూడ ఆలోచించాలి. లేనియెడల ఊరి పెద్దల ఆజ్ఞ స్థానములో సంఘపు ఆజ్ఞ వస్తుంది, అంతే. అతని స్థితి మారదు.

రెండవ ప్రశ్న భోజనమును గూర్చినది. పొరుగువారు ఇంటికి పిలిచినప్పుడు మనస్సాక్షి నిమిత్తము విచారింపక తినవచ్చునని, ఇది అర్పితమైనదని ఎవరైన తెలియజేసినప్పుడు వారి నిమిత్తము మానవలెనని పౌలు బోధించాడు (1 కొరింథీ 10:27-29). ప్రసాదముగా ఇచ్చినది వేరు, పండుగ మరునాడు బంధువులతోపాటు పిలిచి పెట్టిన కూర అన్నము వేరు. ఆ తల్లి మొదటిదానిని ప్రేమతో వద్దనవచ్చును, రెండవదానిని ప్రేమతో తినవచ్చును. ఆమె మనస్సాక్షి ఇంకను ఒప్పుకొనకపోతే బలవంతము చేయకూడదు (రోమా 14:23). వద్దన్నప్పుడు కూడ పొరుగింటి గిన్నెను ఖాళీగా పంపకుండ ఏదైన పెట్టి పంపుట మన తల్లులకు తెలిసిన మర్యాదే.

మూడవ ప్రశ్న మందిరములో డప్పు. 150వ కీర్తన దేవుని స్తుతించుటకు అన్ని రకముల వాద్యములను పిలుస్తుంది. దానియేలు 3వ అధ్యాయములో వాద్యములు మ్రోగినప్పుడు ముగ్గురు యువకులు కాదన్నది మ్రొక్కుటకే. కనుక డప్పు దానంతట అది అపవిత్రము కాదు. అయినను దానిని తెచ్చే విధము ముఖ్యము. ముందుగా ఆ పెద్దను పిలిచి, ఆయన తాత కథను యౌవనస్థులకు చెప్పించాలి. డప్పు వదలుటకు ఎంత వెల ఇచ్చారో తెలిసినవాడు దానిని పట్టినప్పుడు ఆ చేతిలో గౌరవము ఉంటుంది. ఆయన ఒప్పుకొనుటకు ఒకటి రెండు క్రిస్మసులు పట్టినా వేచియుండుట మంచిది. 15 నెలలు ఆగినవారి వారసులము మనము.

మరొక హెచ్చరిక. డప్పు మందిరములోకి వచ్చిన తరువాత దానిని ఎవరు వాయిస్తున్నారో చూడాలి. ఎప్పుడూ ఒక్క పేట పిల్లలకే డప్పు, మరొక కుటుంబము వారికే కీబోర్డు అయితే, మనము సంస్కృతిని విమోచించలేదు. కట్టుబడి పనిని మందిరములోకి తెచ్చుకొన్నాము. అన్ని ఇండ్ల పిల్లలు దానిని నేర్చుకొన్నప్పుడు, వాయించను అన్న మాదిగ పిల్లవానిని ఎవరూ ఎందుకని అడగనప్పుడు, ఆ వాద్యము నిజముగా స్వతంత్రమైనదని చెప్పవచ్చును.

ముగింపు

నీతి మనలను ఆచారమును ప్రశ్నించమంటుంది. స్వాతంత్ర్యము ఆ ప్రశ్నకు జవాబిచ్చే మనిషిని మన ముందు నిలబెడుతుంది. సంస్కృతి ఆ మనిషి నిలిచిన నేల. ఈ మూడింటిలో ఏ ఒక్కదానిని విడిచినా మన సలహా కుంటుపడుతుంది.

కాపరులుగా మనము ప్రతి సంవత్సరము ఎన్నో "వద్దు"లు, కొన్ని "సరే"లు చెబుతాము. చెప్పే ముందు, ఎదుటనున్న వ్యక్తి మనతో కూడ కాదనగలిగే స్థితిలో ఉన్నాడా అని చూచుకొందాము. మన మాటకు భయపడి డప్పు క్రింద పెట్టినవాడు, రేపు మరొకరి మాటకు భయపడి మరల పట్టుకొంటాడు. క్రీస్తు ప్రేమను ఎరిగి తనంతట తాను క్రింద పెట్టినవానిని, ఆ ప్రేమతోనే తనంతట తాను చేతపట్టినవానిని ఏ ఊరి పెద్దయు, ఏ సంఘ పెద్దయు మరల దాసునిగా చేయలేడు. మన బోధ అటువంటివారిని తయారు చేయవలెనని మా ఆకాంక్ష.